మతాల కోర్సుకి సిలబస్: ముందు ప్రశ్నపత్రం, తర్వాతే యూనిట్లు

ప్రశ్న: ఏలూరు జిల్లాలో ఒక ప్రభుత్వ అటానమస్ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. వచ్చే సెమిస్టర్‌లో రెండో ఏడాది వాళ్ళకి ‘భారతదేశంలో మతాలు’ అని నాలుగు క్రెడిట్ల ఓపెన్ ఎలెక్టివ్ పెట్టాలనుకుంటున్నారు. సిలబస్ నన్ను రాయమన్నారు. హిందూ మతం, బౌద్ధ జైనాలు, ఇస్లాం, క్రైస్తవం, చివర సిక్కు మతంతో పాటు సర్వమత సామరస్యం అని ఐదు యూనిట్లు వేసుకున్నాను. తరగతిలో అరవై మంది ఉంటారు, ఎక్కువమంది బీకాం, బీఎస్సీ వాళ్ళు. సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళే. ఇంటర్నల్స్ 40, సెమిస్టర్ పరీక్ష 60. సర్కారు కాలేజీలో మతం గురించి చెప్పొచ్చా అని స్టాఫ్‌రూమ్‌లోనే అడుగుతున్నారు. తల్లిదండ్రులు గొడవకి వస్తారేమోనని నా భయం. పిల్లల్ని గుడికీ చర్చికీ మసీదుకీ తీసుకెళ్ళొచ్చా? మార్కులు ఎలా వేయాలి? సిలబస్ ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగ్ దగ్గరపడింది, సలహా ఇవ్వండి.
– ఒక లెక్చరర్

జవాబు: ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. స్టాఫ్‌రూమ్‌లో ఆ అనుమానం ఉన్నంతకాలం మిగతా చర్చ కదలదు.

రాజ్యాంగం 28వ అధికరణం మొదటి క్లాజు ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మత బోధన ఉండకూడదు. మూడో క్లాజు ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలకీ, ఎయిడ్ తీసుకునే సంస్థలకీ వర్తిస్తుంది. అక్కడ మత బోధనకి గానీ ఆరాధనకి గానీ ఎవర్నీ వాళ్ళ సమ్మతి లేకుండా రమ్మనకూడదు. మైనర్లయితే సంరక్షకుల సమ్మతి కావాలి. ఇక్కడ నిషేధం ఉన్నది మతాన్ని బోధించడం మీద. మతాల గురించి చదువు చెప్పడం మీద కాదు. 1971లో పంజాబ్ డీఏవీ కాలేజీ కేసులో, గురునానక్ జీవితం మీదా బోధనల మీదా యూనివర్సిటీలో అధ్యయనం జరిగితే అది మత బోధన కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులో పాఠ్యప్రణాళికలో మతాల గురించిన చదువు ఉండటం 28వ అధికరణానికి విరుద్ధం కాదంది. అంతకు చాలా ముందే కొఠారి కమిషన్ (1964–66) మత బోధననీ మతాల గురించిన చదువునీ విడదీసి, మొదటిది వద్దు, రెండోది కావాలంది. ఈ నాలుగు ముక్కలూ సిలబస్ మొదటి పేజీలో పెట్టండి. మీటింగులో ఆ ప్రశ్న వచ్చినప్పుడు పేజీ చూపిస్తే సరిపోతుంది.

రోజువారీ క్లాసులో గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ పని చేయాలంటే విద్యార్థి నమ్మాల్సిన అవసరం ఉందా? శ్లోకానికి అర్థం రాయమంటే అక్కర్లేదు. కళ్ళు మూసుకుని శ్లోకం పలకమంటే ఉంది. అందుకే క్లాసుని ప్రార్థనతో మొదలుపెట్టకండి, అది సర్వమత ప్రార్థన అయినా సరే. రాధాకృష్ణన్ కమిషన్ 1949లో రోజూ కాలేజీ మొదలయ్యే ముందు కాసేపు మౌన ధ్యానం ఉంటే బాగుంటుందని రాసింది. ఆ రిపోర్టులో మిగతా సూచనలు ఇవాళ్టికీ పనికొస్తాయి గానీ ఇది మాత్రం మీరు తీసుకోకండి. దేవుణ్ణి నమ్మని పిల్లలూ ఆ క్లాసులో ఉంటారు.

ఇక మీ ఐదు యూనిట్లు. యూనిట్‌కో మతం అన్న పద్ధతి రాయడానికి తేలిక, చెప్పడానికి మూడు చిక్కులు తెస్తుంది. మొదటిది కాలం. నాలుగు క్రెడిట్లంటే పదిహేను వారాలు, వారానికి నాలుగు గంటలు, కాగితం మీద 60 గంటలు. మిడ్ పరీక్షలు, పండగ సెలవులు, స్పోర్ట్స్ డే, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు పోను 48 గంటలు చేతికొస్తే అదృష్టం. ఐదు భాగాలు చేస్తే ఒక్కో దానికి తొమ్మిదిన్నర గంటలు. అందులో ఇస్లాం అంతా చెప్పాలంటే ప్రవక్త జీవితం, ఐదు మూల విధులు, సున్నీ షియా, సూఫీలు అని పోటీ పరీక్షల జీకే నోట్సు అవుతుంది తప్ప చదువు కాదు. పైగా చివరి యూనిట్ ఎప్పుడూ రికార్డులు దిద్దుకునే పదిహేను రోజుల్లో నలిగిపోతుంది. సిక్కు మతాన్ని చివర పెట్టారంటే రెండు గంటల్లో ముగించాలని ముందే ఒప్పుకున్నట్టే.

రెండోది మూస సమస్య. స్థాపకుడు, గ్రంథం, సిద్ధాంతం, పండగలు అన్న వరస ప్రతి మతానికీ వేస్తే పోలేరమ్మ ఎక్కడా పట్టదు. మేడారంలో విగ్రహం లేదు, కుంకుమ భరిణె గద్దె మీదికి వస్తుంది, కోయ పూజారులు నడిపిస్తారు, భక్తులు నిలువెత్తు బెల్లం ఇస్తారు. దానికి స్థాపకుడెవరు, గ్రంథమేది? కేస్లాపూర్ నాగోబా జాతరలో పూజ అధికారం మెస్రం వంశపు గోండులది. 2011 జనాభా లెక్కల్లో ఆరు పెద్ద మతాలకీ చెందకుండా ‘ఇతరులు’ కింద నమోదైనవాళ్ళు దాదాపు 79 లక్షల మంది. మీ ఐదు యూనిట్లలో వీళ్ళకి చోటు లేదు.

మూడోది తగాదా తెచ్చే చిక్కు. యూనిట్‌కో మతం పెడితే పిల్లలు (వాళ్ళ పెద్దవాళ్ళు కూడా) పేజీలు లెక్కపెడతారు. ఎవరికెన్ని గంటలిచ్చారు, ఎవరిలో తప్పులు ఎత్తారు అని తూకం మొదలవుతుంది.

కాబట్టి ఆ చిత్తుప్రతి పక్కన పెట్టి, ముందు సెమిస్టర్ ప్రశ్నపత్రం రాయండి. వింతగా ఉన్నా ఇదే దగ్గరి దారి. మన డిగ్రీ కాలేజీల్లో సిలబస్ ఎంత బాగా రాసినా, విద్యార్థి చదివేది పాత ప్రశ్నపత్రాన్నీ బజారులో దొరికే గైడునీ. ‘బౌద్ధమత సిద్ధాంతాలను వివరింపుము’ అన్న ప్రశ్న ఒక్కసారి వచ్చిందంటే, ఆ కోర్సు ఆ ఏడాదే పది వ్యాసాల బట్టీగా మారిపోతుంది. దానికి బదులు ఇలాంటి ప్రశ్నలు వేయండి: ఆరేడు పంక్తుల భాగం ప్రశ్నపత్రంలోనే అచ్చు వేసి, ‘ఇది ఎవరు ఎవరితో అంటున్న మాట? ప్రార్థనా, బోధనా, ప్రశ్నా? ఏ పదాలను బట్టి చెప్పగలరు?’ అని అడగండి. ‘ఒకే ఊళ్ళోని రెండు ఆరాధనా స్థలాల్లో లోపలికి ఎవరు ఎంతవరకు వెళ్ళగలరో పోల్చి రాయండి’ అనండి. భాగం ప్రశ్నలోనే ఉంటుంది కాబట్టి బట్టీ అక్కర్లేదు. బయటి కాలేజీ నుంచి వచ్చి పేపర్లు దిద్దేవారికి ఆ గ్రంథం తెలియకపోయినా ఇబ్బంది ఉండదు, వాల్యుయేషన్ స్కీమ్ మీరు రాసిస్తారు కదా. 60 మార్కుల్లో 20 ఇలాంటి భాగాల మీద, 30 పోలిక, వివరణ ప్రశ్నల మీద, 10 మాత్రం చిన్న నిర్వచనాలకి ఉంచండి. చిన్న ప్రశ్నలు బొత్తిగా లేకపోతే బలహీనమైన విద్యార్థులు గట్టెక్కరు, కోర్సు పెట్టిన మూడో ఏటికి ఈ ఎలెక్టివ్ తీసుకోడానికి ఎవరూ రారు.

ప్రశ్నపత్రం ఖాయమయ్యాక యూనిట్లు వాటంతటవే తేలతాయి. గంటలతో సహా ఒక పథకం ఇస్తున్నాను: మతాన్ని ఎలా చదవాలి, 8 గంటలు; గ్రంథాలు, 11; ఆచారాలు, కాలం, స్థలాలు, 12; సంఘం, కులం, మార్పు, 11; రాజ్యాంగం, చట్టం, నమ్మకపోవడం, 6. మొత్తం 48. ఇక ఒక పెద్ద కాగితం మీద పట్టిక గీయండి. నిలువుగా ఈ ఐదు యూనిట్లు, అడ్డంగా సంప్రదాయాలు: వైదిక, ఆగమ, భక్తి ధారలు, గ్రామదేవతలు, బౌద్ధం, జైనం, ఇస్లాం, క్రైస్తవం, సిక్కు, ఆదివాసీ సంప్రదాయాలు, నాస్తికం. మీరు ఎంచుకున్న ప్రతి పాఠాన్నీ దాని గడిలో రాయండి. ప్రతి యూనిట్‌లో కనీసం మూడు సంప్రదాయాలు ఉండాలి, ప్రతి సంప్రదాయం కనీసం రెండు యూనిట్లలో రావాలి. అన్ని గడులూ నిండాలని పట్టుపడితే మళ్ళీ జీకే అవుతుంది.

పట్టిక నిండాక చూడాల్సింది ఒకటుంది. ఏ సంప్రదాయమైనా ‘సమస్యల’ యూనిట్‌లో తప్ప ఇంకెక్కడా కనిపించట్లేదా? సాధారణంగా జరిగే పొరపాటు ఇదే. హిందూ మతం అనగానే కులం, ఇస్లాం అనగానే ఘర్షణ, క్రైస్తవం అనగానే మతమార్పిడి, బౌద్ధం అనగానే శాంతి అని నాలుగు మూసల్లో పోసేస్తారు. కులం పాఠాన్ని 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వుతో చెప్పి చూడండి. మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. కొన్ని సిక్కు కులాలకి మినహాయింపు మొదటే ఉన్నా, సిక్కులందరికీ వర్తించింది 1956లో, బౌద్ధులకి 1990లో. దళిత క్రైస్తవులకీ ముస్లింలకీ ఇప్పటికీ లేదు. ఈ ఒక్క ఉత్తర్వు చదివితే కులం అనేది ఏ ఒక్క మతం సొత్తూ కాదని మీరు చెప్పకుండానే పిల్లలకి తెలుస్తుంది.

మొదటి యూనిట్ పొడిగా ఉంటుందని తగ్గించకండి, అలాగని పెంచకండి కూడా. దుర్ఖైమ్, వెబర్ లాంటి సమాజ శాస్త్రవేత్తల పేర్లతో ఎనిమిది గంటలూ నింపితే బీకాం పిల్లలు మూడో వారానికి రావడం మానేస్తారు. నినియన్ స్మార్ట్ చెప్పిన ఏడు పార్శ్వాలు (ఆచారం, కథ, అనుభవం, సిద్ధాంతం, నీతి, సంఘం, వస్తువులు) ఒక్కటీ బాగా నేర్పితే తక్కిన సెమిస్టర్ అంతా అదే పనిముట్టు. లాంకస్టర్ యూనివర్సిటీలో 1967లో మతాల అధ్యయన శాఖని నిలబెట్టినవాడాయన. ఊళ్ళో జాతరనీ ఆదివారం ఆరాధననీ ఇదే పనిముట్టుతో చూడొచ్చు. జాతరలో సిద్ధాంతం గడి దాదాపు ఖాళీగా ఉంటుంది, వస్తువుల గడి పొంగిపోతుంది. ఎందుకు అన్న ప్రశ్నతో ఒక గంట గడిచిపోతుంది.

గ్రంథాల యూనిట్‌లో ‘గ్రంథ పరిచయాలు’ వద్దు, చిన్న భాగాలు ఎంచుకోండి. ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం ఏడు మంత్రాలు, ఖురాన్‌లో ఫాతిహా ఏడు ఆయతులు, మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ధన్యతలు పది వచనాలు. ఈ మూడూ కలిపి రెండు పేజీలు దాటవు. ఒకటి సృష్టి ఎలా జరిగిందో అసలు ఎవరికైనా తెలుసా అని సందేహంతో ముగుస్తుంది, ఒకటి రోజూ నమాజులో పలికే ప్రార్థన, ఒకటి కొండ మీద చేసిన ప్రసంగం. మూడింటినీ పక్కపక్కన పెడితే ‘పవిత్ర గ్రంథం’ అనగానే ఒకటే రకం రచన అనుకునే అలవాటు పోతుంది. వీటికి తోడు ధమ్మపదం మొదటి వర్గంలో కొన్ని గాథలు, పాల్కురికి సోమనాథుడి ద్విపదలో ఒక చిన్న ఘట్టం, వేమన పద్యాలు నాలుగు. గురుగ్రంథ్ సాహిబ్ నుంచి, దాని మొదట్లోనే వచ్చే మూలమంత్రంతో పాటు కబీర్‌దో రవిదాస్‌దో ఫరీద్‌దో ఒక పదం తీసుకోండి. ముస్లిం సూఫీ మాటలూ, చర్మకారుడి మాటలూ సిక్కుల గ్రంథంలో ఎందుకున్నాయని పిల్లలే అడుగుతారు. అనువాదాలు అచ్చయినవీ, ఆ సంప్రదాయం వాళ్ళు కూడా వాడేవీ అయ్యుండాలి. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్ వాక్యాన్ని క్లాసులోకి రానివ్వకండి. ఫిర్యాదులు వచ్చేది ఎక్కువగా అలాంటి వాక్యాల మీదే.

మూడో యూనిట్ మీ కోర్సుకి ఆయువుపట్టు. ఒక గంట పాఠం ఎలా ఉండొచ్చో చెబుతాను. ప్రతి ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్లు, గత మూడేళ్ళవి, ఆరేడు సంపాదించి గుంపులకి ఇవ్వండి. ఉగాది ఎప్పుడొచ్చింది, రంజాన్ పండగ ఎప్పుడు, ఈస్టర్ ఎప్పుడు, క్రిస్మస్ ఎప్పుడు రాయమనండి. 2024లో ఉగాది ఏప్రిల్ 9, రంజాన్ ఏప్రిల్ 11. 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ మార్చి 31. రెండూ ఎందుకు జంటగా వచ్చాయి? అమావాస్య దాటిన వెంటనే వచ్చేవి కనుక. మరి 2023లో ఉగాది మార్చి 22న వస్తే రంజాన్ పండగ ఏప్రిల్ 22 దాకా ఎందుకు ఆగింది? ఇక్కడ లెక్క వేయించండి. పన్నెండు చాంద్రమాన మాసాలకి 354 రోజులు, సౌర సంవత్సరానికి 365, తేడా 11. హిజ్రీ లెక్క ఆ తేడాని అలాగే వదిలేస్తుంది, అందుకే రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరిగి, సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ చుట్టేస్తుంది. తెలుగు పంచాంగం దాదాపు 32, 33 నెలలకోసారి అధిక మాసం వేసి సర్దుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, దాంతో తర్వాతి ఉగాది వెనక్కి జరిగి రంజాన్ పక్కకి చేరింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027లో జంట విడిపోతుంది. ఈస్టర్‌కి మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూసి, అది దాటాక వచ్చే ఆదివారం పట్టుకోవాలి, అందుకే మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య తిరుగుతుంది. బీఎస్సీ పిల్లలు ఈ గంటలో మెరుస్తారు. ఎవరి నమ్మకాన్నీ తాకకుండానే మూడు సంప్రదాయాలు కాలాన్ని ఎలా కొలుస్తాయో తెలిసిపోతుంది. ఆ వెంటనే నెల్లూరు రొట్టెల పండగ చెప్పండి: మొహర్రం నాడు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా, అన్ని మతాలవాళ్ళూ రొట్టెలు మార్చుకుంటారు. మీ పట్టికలో అది ఏ వరసలో రాయాలో పిల్లల్నే తేల్చమనండి. తేలదు, తేలకపోయినా ఫరవాలేదు.

ఇక యాత్ర. తీసుకెళ్ళండి, కానీ సెమిస్టర్‌లో ఒక్క రోజు, రెండే చోట్లు. మూడు మతాల స్థలాలు ఒకే రోజు చుట్టబెడితే బస్సులో కూర్చోవడమే మిగులుతుంది. ఒకటి ఇప్పుడు పూజలు లేని పురాతన స్థలం, ఒకటి జనం వచ్చిపోయే స్థలం. మీ జిల్లాలోనే గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయి. అక్కడి గుండ్రటి చైత్యగృహం (స్తూపం ఉండే ఆరాధనా మందిరం) పైకప్పులో రాతిని కొయ్య దూలాల్లా చెక్కారు. కొయ్య కట్టడాన్ని రాతిలో ఎందుకు అనుకరించారని అడిగితే వస్తువుల పార్శ్వం అక్కడికక్కడే అర్థమవుతుంది. రెండో స్థలానికి ద్వారకా తిరుమలో, ఊళ్ళో పాత చర్చో, దర్గానో ఎంచుకోండి. పండగ రోజు, శనివారం రద్దీ, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ, ఆదివారం ఉదయం ఆరాధన వేళ వద్దు. వారం ముందు వెళ్ళి నిర్వాహకులతో మాట్లాడి, ఎక్కడిదాకా రావచ్చు, ఫొటోలు తీయొచ్చా, తల కప్పుకోవాలా, చెప్పులు ఎక్కడ అన్నవి కాగితం మీద రాసుకోండి.

అక్కడ పిల్లలు చూడ్డానికే వచ్చారు. తీర్థం, ప్రసాదం, బొట్టు, దువా, మోకరించడం ఏదీ తప్పనిసరి కాదు, ఎవరైనా తమంతట తాము చేస్తే అడ్డమూ లేదు. లోపలికి రానన్న విద్యార్థిని కారణం అడగకండి. అందులో నమ్మకం ఉండొచ్చు, నెలసరి ఉండొచ్చు, ఇంట్లో వద్దన్నారేమో. అదే మార్కులకి ఇంకో పని ముందే సిలబస్‌లో రాసి ఉంచండి: ఊళ్ళో ఏదో ఒక ఉత్సవం కరపత్రాన్ని విశ్లేషించడం లాంటిది. హాజరుని యాత్రకి ముడిపెడితే 28వ అధికరణం తలనొప్పి మీరే తెచ్చుకున్నట్టు.

అక్కడ ఏం చూడాలో చెప్పకపోతే సెల్ఫీలు తప్ప ఏమీ రావు. నేనైతే ఒకే పని ఇస్తాను, దాతల పేర్లు చదవమంటాను. మన గుళ్ళలో, చర్చిల్లో, మసీదుల్లో గోడ పలక మీదో, గేటు మీదో, సీలింగు ఫ్యాను రెక్కల మీదో దాత పేరు ఉంటుంది. పేరు, ఊరు, ఇచ్చిన వస్తువు లేదా మొత్తం, సంవత్సరం, ఎవరి జ్ఞాపకార్థం అన్న ఐదు గడులతో ఇరవై పేర్లు రాసుకుని రమ్మనండి. ఆడవాళ్ళ పేర్లు ఎన్ని, అవి సొంత పేర్లా ‘ఫలానా వారి భార్య’ అనా, దూరాన స్థిరపడ్డవాళ్ళు ఎందరు, డబ్బెంత, వస్తువులెన్ని? క్లాసుకి వచ్చాక అమరావతి స్తూపం శాసనాలు పక్కన పెట్టండి. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు, చర్మకారుడు విధికుడు, పూర్ణకుంభం చెక్కిన రాతిపలక ఇచ్చాడని అందులో ఒకటి ఉంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల ఇంటి ఆడపడుచు చాంతిసిరి దానాలున్నాయి. రెండువేల ఏళ్ళ దూరంలో ఉన్న రెండు జాబితాలు ఒకే ప్రశ్నలకి జవాబిస్తుంటే, మతం నడవడానికి ఎవరు డబ్బు పెట్టారు, పేరు ఎవరికి దక్కింది అన్నది చరిత్ర లెక్చరర్‌గా మీకు ఇష్టమైన పాఠమే అవుతుంది.

అతిథి ఉపన్యాసాలు ఇలాంటి కోర్సుల్ని తరచూ పాడుచేస్తాయి. ఒక పండితుణ్ణి, ఒక పాస్టర్‌ని, ఒక మౌలానాని పిలిస్తే ముగ్గురూ తమ మతం శాంతిమార్గమని చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్తారు. మూడు గంటలు పోయినట్టే. పిలవాలంటే ఉపన్యాసానికి కాదు, ప్రశ్నలకి పిలవండి. పిల్లలు ముందురోజే పది ప్రశ్నలు రాసి మీకు చూపించాలి, అవన్నీ చేసే పని గురించే ఉండాలి. అర్చకుణ్ణి వైఖానస ఆగమం (విష్ణు ఆలయాల పూజా పద్ధతి) ప్రకారం రోజు ఎలా మొదలవుతుందో, అజాన్ పలికే ముఅజ్జిన్‌ని ఐదు పూటల వేళలు ఎలా లెక్కగడతారో, పాస్టర్‌ని ఆదివారం పాటలు ఎవరు ఎంచుకుంటారో అడిగితే వాళ్ళు కూడా సంతోషంగా చెబుతారు.

నాలుగో యూనిట్‌లో మాట జారే అవకాశం ఎక్కువ. విడి అభిప్రాయాలకి చోటు తగ్గించి, ఒక్కో ఘటన లోతుగా చదివించడమే రక్షణ. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు రెండేళ్ళూ పెద్ద కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి పని చూపించాడు. అయితే కరువు సాగినన్నాళ్ళూ, తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. దానికి ముందే ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ రాజయోగి గురువులు క్రైస్తవంలోకి వచ్చి ఊళ్ళు తిరిగి చెబుతున్నారు. ‘కూడు కోసమే’ అన్నవాళ్ళకీ ‘విశ్వాసం వల్లే’ అన్నవాళ్ళకీ ఈ వివరాలన్నీ కలిపి జవాబు రాయడం కష్టం, ఆ కష్టమే మీకు కావాలి. దీని పక్కన అంబేద్కర్ 1956 అక్టోబర్ 14 నాగపూర్ బౌద్ధ దీక్ష, పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు దూదేకుల సిద్దయ్య కథ పెట్టండి. మూడు ఘటనలు చాలు, నాలుగోది పెడితే ఏదో ఒకటి పైపైన పోతుంది.

ఐదో యూనిట్‌కి ఆరు గంటలే ఇచ్చాను గనక కేసులు తప్ప ఇంకేం వద్దు. జాతీయ గీతం పాడకుండా మర్యాదగా నిలబడ్డ యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లల్ని కేరళ బడి నుంచి తీసేస్తే 1986లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. తీర్పు చెప్పకుండా ముందు వాదనలు పిల్లల చేత చేయించండి. రెండోది మన ఇంటి కేసు: 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. పూజ చేయడం మతమైతే, పూజారిని నియమించడం మతమా, ఉద్యోగమా? గోరా 1940లో ముదునూరులో పెట్టి, తర్వాత విజయవాడకి మార్చిన నాస్తిక కేంద్రం పాఠం కూడా ఇక్కడే. నమ్మకపోవడం కూడా ఈ నేల మీద ఒక సంప్రదాయమేనని పట్టికలో కనబడాలి.

ఇంటర్నల్స్ 40 ఇలా పంచండి: మిడ్ 10, గ్రంథభాగం మీద 300 మాటల నోటు 10, స్థల నివేదిక 15, క్యాలెండర్ లెక్క 5. నివేదిక 15లో కళ్ళారా చూసిన వివరాలకి 6, ఏడు పార్శ్వాలతో ముడిపెట్టినందుకు 4, ‘వాళ్ళు ఇలా చెప్పారు’ అన్నదాన్నీ ‘నాకిలా అనిపించింది’ అన్నదాన్నీ విడిగా రాసినందుకు 3, భాషకి 2. భక్తికీ విమర్శకీ మార్కులు లేవని మొదటి రోజే చెప్పండి. లేకపోతే మీ నుదుటి బొట్టు చూసో, బొట్టు లేకపోవడం చూసో జవాబులు రాస్తారు. ‘మీరు నమ్ముతారా?’ అని ఎవరో ఒకరు అడిగే తీరతారు. సెమిస్టర్ అయ్యాక చెబుతానని నవ్వి ఊరుకోండి, పరీక్ష దిద్దేదాకా ఆ జవాబు వాళ్ళకి తెలియకపోవడమే మేలు.

తల్లిదండ్రుల విషయానికొస్తే, గొడవలు సాధారణంగా సిలబస్ వల్ల రావు. ఫోన్‌లో తీసిన ఒక స్లైడు ఫొటో ముందూ వెనకా లేకుండా బయటికి పోవడంతో వస్తాయి. ప్రతి స్లైడు అడుగునా కోర్సు పేరు, భాగం ఎక్కడిదో రాయండి. ముహమ్మద్ ప్రవక్త చిత్రాలు, ఏ దేవుడి మీదైనా వ్యంగ్య చిత్రాలు వద్దు, పాఠానికి వాటి అవసరం కూడా లేదు. మత భావాలు గాయపరచడమనే నేరానికి (పాత ఐపీసీ 295ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 299) కావాలని, దురుద్దేశంతో చేసి ఉండాలన్నది షరతు. బోర్డు ఆమోదించిన సిలబస్, అచ్చయిన అనువాదం, తేదీలతో సహా పాఠ్య ప్రణాళిక మీ దగ్గరుంటే ఆ ప్రశ్నకి జవాబు ఫైల్లోనే ఉంటుంది. మొదటి వారంలో విద్యార్థులకి ఒక పేజీ తెలుగులో ఇవ్వండి: కోర్సులో ఏముంది, ఏం లేదు, యాత్రలో ఏది ఐచ్ఛికం. క్లాసులో ‘మన మతంలో’ అన్న మాట మీ నోట రాకూడదు, అరవై మందిలో ఆ ‘మన’ ఎవరిదో మీకు తెలియదు.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి పంపే కాగితాల్లో తడబడేది కోర్సు ఫలితాల దగ్గర. ‘సర్వమతాల పట్ల గౌరవం పెంపొందించుకుంటారు’ అని రాస్తే దాన్ని కొలిచే పరీక్ష లేదు, కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళు అడిగినప్పుడు చూపించడానికి ఆధారమూ ఉండదు. ‘ఒక ఆచారాన్ని కనీసం మూడు పార్శ్వాలుగా విడదీసి వివరించగలరు’ అని రాయండి, అలాంటివి ఐదు. వాటికి ఎదురుగా ప్రశ్నపత్రంలో ఏ ప్రశ్న దాన్ని కొలుస్తుందో నంబరు వేస్తే మ్యాపింగ్ పట్టిక కూడా అక్కడే పూర్తవుతుంది. బయటి నిపుణుల్లో ఒకరైనా మీకు పట్టులేని సంప్రదాయం మీద పని చేసినవారై ఉండేలా ప్రిన్సిపాల్ గారితో ముందే మాట్లాడండి. మాదిరి ప్రశ్నపత్రం, వాల్యుయేషన్ స్కీమ్ జతచేసి మీటింగుకి పది రోజుల ముందే సభ్యులకి పంపండి. ఆ రోజు చేతికిస్తే అందరూ యూనిట్ శీర్షికలు మాత్రమే చూసి ‘ఒక్కో మతానికి ఒక్కో యూనిట్ పెడితే నీట్‌గా ఉంటుంది కదా’ అంటారు.